రంజిత్ కాదు, రంజిత

బెంగళూరు దగ్గరి ఆనేకల్‌లో ఆవులప్ప ఇల్లంతా మగ్గాల చప్పుడే. ఆ ఇంట్లో ఉప్పు కావాలన్నా అరిచి అడగాలి. అందుకేనేమో ఆయన కూతురు రంజిత గొంతు చిన్నప్పుడే బొంగురుగా, బరువుగా తయారైంది. బడిలో ప్రార్థన పాడించే టీచరు ఆమెను వెనక వరసలో నిలబెట్టి, "నువ్వు పెదాలు కదిలిస్తే చాలు, గొంతు ఎత్తొద్దు" అన్నది. రంజిత ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు. బడి వదిలేదాకా అలాగే పెదాలు కదిలిస్తూ వచ్చింది.

1993లో ఆమె బెంగళూరులో బీకాం చదువుతోంది. కాలేజీ వార్షికోత్సవంలో మైకు పాడైంది. హాల్లో గోల మొదలైంది. రంజిత వేదిక మీదికి వెళ్ళి తరవాతి కార్యక్రమం ఏమిటో ఉత్త గొంతుతోనే చెప్పింది. గోల ఆగిపోయింది. చివరి వరసలో గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న శామ్యూల్ అనే కుర్రాడు కార్యక్రమం కాగానే ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

"మీరు పాడతారా?"

"పాడను. నా గొంతు బాగుండదు."

"బాగుండే గొంతులు మా చర్చిలో కావలసినన్ని ఉండాయి. మా బ్యాండుకి ఇట్లాంటిదే కావల్ల."

రంజిత మర్నాడు వాళ్ళు వాయించే చోటికి వెళ్ళింది. బ్యాండు పేరు స్లో ప్యాసింజర్. శామ్యూల్ గిటారు, హిందూపురం నుంచి వచ్చిన ఓబులేష్ డ్రమ్స్, జ్ఞానప్రకాశం బేస్ గిటారు. వాళ్ళు వాయించేది బ్లూస్ పునాది మీద కట్టిన హార్డ్ రాక్, గిటార్లూ డ్రమ్సూ హోరెత్తే పాశ్చాత్య సంగీతం. రంజితకు ఆ రెండు మాటలూ కొత్తే. శామ్యూల్ విడమరిచి చెప్పాడు.

"కష్టం ఒకసారి చెప్పుకోవల్ల. మళ్ళా అదే చెప్పుకోవల్ల. మూడోసారి దానికి జవాబు చెప్పల్ల. బ్లూస్ అంటే అంతే."

రంజితకు నవ్వొచ్చింది. "మా అమ్మ తిట్టేది గూడ ఇట్లనే. అదే మాట రెండుసార్లు అంటాది, మూడోసారి జవాబు గూడ ఆమే చెప్పుకుంటాది."

"అయితే నీకు ఇంట్లోనే నేర్పించేసినారు!" అన్నాడు ఓబులేష్.

మరుసటి ఏడాది ఆల్బమ్ రికార్డు చేశారు. మామూలుగా భక్తి పాటలూ, సబ్బుల ప్రకటనలూ రికార్డు చేసే స్టూడియో అది. ఒక్కొక్కరిని విడివిడిగా రికార్డు చేసేంత సమయం దొరకలేదు. నలుగురూ ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, పాటకు పాట వాయించేశారు. ఆల్బమ్ పేరు, అందులో చివరి పాట పేరు కూడా 'ఔటర్ సిగ్నల్'. ఊరి దీపాలు కనబడుతుంటాయి, రైలు మాత్రం బయటే ఆగిపోయి ఉంటుంది. శామ్యూల్ ఇంగ్లీషులో రాసిన ఆ పాటలో, ఆఖరి చరణం పైకి వెళ్ళిన చోట రంజిత గొంతు నిలువునా పగిలింది. ఆమె ఆగలేదు. పగిలిన గొంతుతోనే ముగించింది. 

క్యాసెట్ బయటికొచ్చింది. అట్ట మీద ముగ్గురు అబ్బాయిల ఫొటో ఉంది. లోపల, గానం అన్నచోట 'రంజిత్' అని ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె పేరు చివరి అక్షరం ఎగిరిపోయింది.

రంజిత, శామ్యూల్ కలిసి క్యాసెట్ కంపెనీ యజమాని దగ్గరికి వెళ్ళారు. ఆయన పెద్దగా బాధపడలేదు. "ప్రింటింగులో తప్పు పడిందమ్మా. ఒకందుకు మంచిదే అయింది. ఆడపిల్ల ఇట్లా అరిచిందంటే ఎవురు కొంటారు చెప్పు?" అన్నాడు.

ఒక పత్రిక ఆ ఆల్బమ్‌ను మెచ్చుకుంటూ, 'రంజిత్ అనే ఈ యువకుడి గొంతులో నిప్పుంది' అని రాసింది. స్నేహితులు నవ్వారు. రంజిత కూడా వాళ్ళతో నవ్వింది. హాస్టలుకు వెళ్ళాక మాత్రం ఆ కాగితాన్ని చించి పారేసింది. ఆనేకల్‌లో తండ్రికి క్యాసెట్ చూపిస్తే ఆవులప్ప అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవురమ్మా ఈ రంజిత్తు?"

"నేనే నాయనా. తప్పు పడింది."

"పేరు లేనిదాన్ని నీదని ఎవురికి చూపిచ్చేది?" అని బాధగా అడిగి, క్యాసెట్ తిరిగి ఇచ్చేశాడు.

రెండేళ్ళకు బ్యాండు విడిపోయింది. గొడవలేం లేవు, ఉద్యోగాలొచ్చాయి. క్యాసెట్ కంపెనీ మూతబడింది. రంజిత బెంగళూరులోనే వైట్‌ఫీల్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ అకౌంట్స్ విభాగంలో చేరి, పైకి ఎదిగింది. ఆఫీసులో ఆమె పాడుతుందని ఎవరికీ తెలియదు.

కానీ క్యాసెట్ ఊరుకోలేదు. ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీలు చేసుకున్నారు. కాలేజీ బ్యాండ్లు ఆ పాటలు వాయించాయి. ఇంటర్నెట్ వచ్చాక రంజిత్ ఎవరని కుర్రాళ్ళు వాదించుకున్నారు. విదేశాల్లో ఉన్నాడని ఒకరు, చనిపోయాడని ఒకరు రాశారు.

2006లో శామ్యూల్ ఫోన్ చేశాడు. "రంజితా, మన ఆల్బమ్ మళ్ళా వస్తా ఉండాది. సీడీ. అసలు టేపులు దొరికినాయంట. కంపెనీ అమ్మాయి రంజిత్ సార్‌ని కలవాలంటా ఉండాది. నేనేం చెప్పలేదు. నువ్వే రా."

వైట్‌ఫీల్డ్ పక్కనే బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక కాఫీ హోటల్లో కలుసుకున్నారు. ఆ అమ్మాయి పేరు హరిణి, విజయవాడ నుంచి వచ్చింది, పాత ఆల్బమ్‌లు వెతికి మళ్ళీ తెచ్చే చిన్న కంపెనీ నడుపుతోంది. రంజిత కుర్చీ లాక్కుని కూర్చున్నా, హరిణి ఇంకా గుమ్మం వైపే చూస్తోంది.

"సార్ లేట్ అవుతారా అండీ?"

"సార్ లేరమ్మా. పాడింది నేనే," అన్నది రంజిత.

ఆ గొంతు వినగానే హరిణి చేతిలో కప్పు సాసర్ మీద టక్కున పడింది. "మేడమ్... ఫస్ట్ ఇయర్ నుంచి మీ పాటలే వింటున్నా. మీరని... అయ్యో, సారీ మేడమ్!" అంటూ లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక రంజిత రెండు చేతులూ పట్టుకుంది. శామ్యూల్ కడుపు పట్టుకుని నవ్వాడు.

తరవాతి వారం ఓబులేష్, జ్ఞానప్రకాశం కూడా వచ్చారు; నలుగురూ హరిణి స్టూడియోలో పాత టేపులు విన్నారు. అన్నేళ్ళ తరవాత ఆ గది, ఆ డ్రమ్స్, ఆ గిటారు ఎదురుగా వచ్చి నిలబడినట్టయింది. ఇరవయ్యేళ్ళ పిల్ల ఎవరో భయం లేకుండా పాడుతోంది. 'నేనేనా ఇది?' అనుకుంది రంజిత. చివరి పాటలో గొంతు పగిలిన చోట హరిణి టేపు ఆపింది.

"మేడమ్, ఈ ఒక్క ప్లేస్ ఇప్పుడు కంప్యూటర్‌లో క్లీన్ చేసేయొచ్చు. లేదంటే మీరే మళ్ళీ పాడొచ్చు. మీ ఇష్టం."

ముగ్గురు మగవాళ్ళూ రంజిత వైపు చూశారు. 

"ఇంకోసారి పెట్టు," అన్నది రంజిత. కళ్ళు మూసుకుని విన్నది. తరవాత తల అడ్డంగా ఊపింది. "దాన్ని ముట్టుకోవద్దమ్మా. అది తప్పు కాదు. ఆ రోజు నేను ఎంతదూరం పోగలనో అంతదూరం పోయినాను. ఇప్పుడు పాడితే ఇంకా చక్కగా పాడతానేమో గాని, అట్లా పాడలేను. దిద్దల్ల అంటే ఒకటే దిద్దు. నా పేరు."

సీడీ అచ్చయి వచ్చిన రోజు సెలవు పెట్టి ఆనేకల్ వెళ్ళింది. అట్ట మీద నలుగురున్న పాత ఫొటో, దాని కింద 'గానం: ఆవులప్ప రంజిత'. తండ్రి పేరు కూడా పెట్టమని ఆమే చెప్పింది. ఆవులప్ప కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. తన పేరు దగ్గర ఆగాడు. లోపలికి వెళ్ళి మగ్గాలన్నీ ఆపించాడు. పనిమధ్యలో ఆ ఇంట్లో మగ్గాలు ఆగడం రంజిత ఎప్పుడూ చూడలేదు. సీడీ పెట్టించి, నేతగాళ్ళందరినీ కూర్చోబెట్టాడు. పాట చివరిదాకా నేల వైపు చూస్తూ విన్నాడు.

"ఒక్క ముక్క అర్థం కాలేదప్పా నాకు," అన్నాడు పక్కనున్నాయనతో. "అయినా చూడు, మన పిల్ల ఎవురికీ భయపడకుండా పాడింది."

తల్లి అంజినమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "అంత గొంతు పెట్టుకుని ఇన్నేండ్లు లెక్కలు రాసుకుంటా ఉండావే!" అని కూతుర్ని కసిరింది.

ఆవిష్కరణ ఒక ఆదివారం సాయంత్రం బ్రూక్‌ఫీల్డ్ దగ్గర చిన్న హాల్లో జరిగింది. వందమంది పడతారనుకున్న చోట జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. ఎక్కువమంది ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు పలకాబలపం పట్టిన వయసువాళ్ళు. మొదటి వరసలో ఆవులప్ప తెల్ల పంచె, కొత్త కండువాతో కూర్చున్నాడు. శామ్యూల్ వేదిక మీదినుంచి, "మీరు ఇన్నాళ్ళూ వెతుకుతా ఉండిన రంజిత్ వచ్చినాడు," అని పక్కకు తప్పుకున్నాడు. రంజిత మైకు ముందుకొచ్చింది.  హాల్లో లేచిన కేకకు ఓబులేష్ డ్రమ్ స్టిక్స్ పైకెత్తి మొదలుపెట్టడం మరిచిపోయాడు.

ఆమె గొంతు మునుపటికంటే కిందికి దిగింది. శామ్యూల్ గిటారు శ్రుతి దానికి తగ్గట్టు దించాడు. ఆమె పాడుతుంటే హాల్లోవాళ్ళు కూడా పాడారు. ఒక్క మాట తప్పకుండా, అన్ని పాటలూ. రెండో పాటకే రంజితకు కళ్ళు తడిసి, మనుషులు మసకగా కనబడ్డారు. తల ఎత్తుకునే పాడింది.

మర్నాడు మామూలుగా ఆఫీసుకు వెళ్ళింది. ఆమె టేబుల్ దగ్గర నలుగురైదుగురు కుర్రాళ్ళు సీడీలు పట్టుకుని నిలబడి ఉన్నారు. రంజిత పెన్ను తీసి, అందరికీ పేరు పూర్తిగా రాసి ఇచ్చింది. ఆ ఏడాది చివర్లో స్లో ప్యాసింజర్ రెండో ఆల్బమ్ పని మొదలైంది. ఈసారి పాటలు రంజితే రాస్తోంది, తెలుగులో.