నాలుగు బొట్లు

స్విచ్ నేనే వేశాను. ఈ సంగతి ముందే చెప్పేయాలి. ఆ తర్వాత నేను అరిచిన అరుపులు విన్నవాళ్లెవరైనా తప్పంతా మామయ్యదే అనుకుంటారు.

టప్ మని చప్పుడు. కంప్యూటర్ పెట్టె లోపల, బోర్డు వెనకవైపు, నీలంగా ఒక మెరుపు. ఫ్యాన్లు సగం చుట్టు తిరిగి ఆగిపోయాయి. కాలిన వాసన గదంతా నిండింది. వేలు స్విచ్ మీదే ఉండిపోయింది, తీయాలన్న తెలివి కూడా లేదు. పక్కనే నిలబడ్డ మామయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆ పెట్టెలో బిగించింది కొట్లో కొన్న కూలింగ్ కాదు. ప్రాసెసర్ వేడిని లాగి నీళ్లలోకి పంపే రాగి దిమ్మ, మామయ్య స్వయంగా చేసింది. ఆయన నలభై ఏళ్లు ఇనుము, రాగి చెక్కే లేత్ మిషను మీద బతికిన మనిషి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మందులతో మళ్లీ లేచింది గానీ వణుకు పోలేదు. అప్పటినుంచి వెనక షెడ్డులో లేత్ మీద గోనెపట్టా కప్పే ఉంది. నా కంప్యూటర్ వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోందని నేను విసుక్కుంటుంటే, "దానికేం భాగ్యం, నేను చేసిస్తాలేమ్మా," అన్నారు. ఆరు వారాలు పట్టింది. నాలుగు దిమ్మలు పాడయ్యాయి, ఐదోది కుదిరింది.

దాంతోపాటు ఒక మొండి షరతు కూడా పెట్టుకున్నారు. "ఇది పనిచేస్తే లేత్ ఉంటుంది. చెయ్యకపోతే ఈ చేతికి ఇక పని లేనట్టే. శనివారం ఐదింటికి పాత ఇనుము కొనే ఆయన్ని రమ్మన్నాను." ఎంత చెప్పినా వినలేదు. ఇవాళ శనివారం. పొద్దున నేను షాపులో ఉండగా దిమ్మని పెట్టెలో ఆయనే బిగించారు. నేను స్విచ్ వేసేటప్పటికి నాలుగూ పది.

నేను కంప్యూటర్లు బిగించే షాపులో పనిచేస్తాను. దిమ్మని పట్టి ఉంచడానికి బోర్డు వెనక ఇనుప ప్లేటు వేసి బిగించేటప్పుడు షార్ట్ కాకుండా ఏం చెయ్యాలో నిద్రలో అడిగినా చెబుతాను. ప్లేటు బోర్డుకి తగలకూడదు. మధ్యలో ఎర్రటి ఫైబర్ బిళ్లలు నాలుగు పెట్టాలి, అవి కరెంటుని దాటనివ్వవు. బిగించాక మీటరు పెట్టి చూడాలి. అది కూసిందంటే షార్ట్ ఉన్నట్టు. కూయకపోతేనే స్విచ్. షాపులో ఎవరైనా మీటరు పెట్టకుండా స్విచ్ వేస్తే దులిపి ఆరేసేది నేనే. ఇవాళ ఐదు లోపల అయిపోవాలన్న ఆదుర్దాలో నేనే పెట్టలేదు.

పెట్టె వెనక తలుపు ఊడదీశాను. ప్లేటు బోర్డుకి అంటుకుని కూర్చుంది. ఒక మూల నల్లగా కాలిన మచ్చ. మధ్యలో ఒక్క బిళ్ల లేదు. పైగా నాలుగు స్క్రూల దగ్గరా నూనె మెరుస్తోంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఇదేంటి మామయ్యా! చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? ఫోన్‌లో చెప్పానా? నాలుగే నాలుగు! అవి పెట్టడానికి కూడా... ఆ చేత్తో అసలు ఈ పని పెట్టుకోకుండా ఉండాల్సింది!"

అనేశాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. గుమ్మంలో అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మామయ్య తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని వెనక షెడ్డులోకి వెళ్లిపోయారు.

"ఎందుకమ్మా అంత మాటన్నావు?" అన్నారు అత్తయ్య. "పొద్దున నువ్వు ఫోన్‌లో చెప్పినట్టే చేశారు. ఆ నూనె డబ్బా రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో స్క్రూకీ ఒక్కటే చుక్క. నన్ను కూడా లెక్కపెట్టమన్నారు. నాలుగు బొట్లు. నువ్వన్నవి నాలుగేగా?"

చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను.

షాపులో మేం ఆ ఎర్ర బిళ్లల్ని బొట్లు అంటాం. ఎవరు మొదలుపెట్టారో తెలీదు. నుదుటి మీద బొట్టులా గుండ్రంగా, ఎర్రగా ఉంటాయని అలవాటైపోయింది. పొద్దున కస్టమరుతో మాట్లాడుతూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఆయనతో అన్న మాట అదే: "బిగించేయండి మామయ్యా, స్క్రూల దగ్గర నాలుగు బొట్లు మాత్రం మర్చిపోకండి." నలభై ఏళ్లు మరకి నూనె బొట్టు వేయకుండా స్క్రూ తిప్పని మనిషికి బొట్టంటే ఇంకేం గుర్తొస్తుంది? మాట నాది, పరీక్ష చెయ్యనిది నేను, దెబ్బ తిన్నది ఆయన. సిగ్గుతో చచ్చిపోయాను.

గడియారం నాలుగూ ఇరవై అయింది. చేతులు వణుకుతుంటే ప్లేటు విప్పాను. అప్పుడు చూడాలి నా చేతులు, మామయ్యవే నయం. స్పిరిట్‌తో నూనె తుడిచాను. నా సంచిలోంచి డబ్బా తీసి నాలుగు బిళ్లలు పెట్టాను. దిమ్మని మళ్లీ బిగించి మీటరు ముళ్లు ప్లేటు మీద ఒకటి, బోర్డు మీద ఒకటి ఆనించాను. కూయలేదు. ఇంకో మూల. కూయలేదు. నాలుగు మూలలూ రెండేసి సార్లు చూశాను. బోర్డు బతికుందో లేదో మాత్రం మీటరు చెప్పదు. దేవుడా అనుకుని స్విచ్ వేశాను.

ఫ్యాన్లు తిరిగాయి. పంపు గురగురమంది. షార్ట్ అవగానే కరెంటు తనంతట తనే తెగిపోయినట్టుంది, బోర్డుకి ఆ మచ్చ తప్ప ఏమీ కాలేదు. తెర వెలిగింది. ఎప్పుడూ ఎనభై డిగ్రీలు దాటే వేడి, పదిహేను నిమిషాలు గట్టిగా పని చేయించినా యాభై దగ్గరే నిలబడింది. నాకు ఏడుపొచ్చింది.

బిళ్లల డబ్బా పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తాను. మామయ్య గోనెపట్టా తీసేసి లేత్‌ని గుడ్డతో తుడుస్తున్నారు, అత్తారింటికి పంపే పిల్లకి తల దువ్వినట్టు.

"పనిచేస్తోంది మామయ్యా!"

"పంపు చప్పుడు వినిపించింది." ఆయన తల ఎత్తలేదు. "అంతకుముందు నువ్వన్నది కూడా వినిపించిందమ్మా."

ఆ మాటకి నిలువునా నీరైపోయాను. డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టాను. "తప్పు నాది. నేను బొట్లు అన్నది వీటిని. షాపులో అలాగే అంటాం. మీకు తెలీదన్న ఆలోచనే రాలేదు. స్విచ్ వేసే ముందు చూడాల్సింది కూడా నేనే. ఆ మాట అనకుండా ఉండాల్సింది మామయ్యా."

ఆయన వణికే వేళ్లతో ఒక బిళ్లని తీసి వెలుతురుకి పెట్టి చూశారు. కళ్లు పెద్దవయ్యాయి.

"ఇవా? ఇవి ఫైబర్ వాషర్లు కదమ్మా! నలభై ఏళ్లు వాడాను. ఆ అటక మీద డబ్బాడున్నాయి. వాషర్లు అంటే సరిపోయేదిగా!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆయన బల్ల మీది సుద్దముక్క తీసుకుని, నా డబ్బా మూత మీద మెల్లగా రాశారు: వాషర్లు. అక్షరాలు వంకర పోయాయి గానీ ఒక్కటీ తప్పు పోలేదు.

"ముందు వస్తువులకి సరిగ్గా పేర్లు పెట్టడం నేర్చుకో," అన్నారు డబ్బా నా చేతికిస్తూ. "మనుషులకి తర్వాత పెడుదువుగాని."

తల వంచుకున్నాను. గేటు బయట పాత ఇనుము బండి హారన్ మోగింది. సరిగ్గా ఐదు.

మామయ్య నేల మీది గోనెపట్టా తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టారు.

"వెళ్లి ఇది పట్టుకెళ్లమను," అన్నారు.