తలుపేసిన గదిలో కుంపటి

ఇస్త్రీ దుకాణం తలుపు మూసే ఉండేది. తెల్ల చొక్కా మీద వీధి దుమ్ము పడిందని ఒకాయన గొడవ చేసినప్పటి నుంచి దుకాణం నడిపే ఇల్లాలు తలుపూ కిటికీ బిగించి, కుంపటి గదిలోనే రాజేసి, ఆ నిప్పులు ఇస్త్రీపెట్టెలో వేసుకుని పని చేసేది. మూలన కూతురు చదువుకునేది. పొద్దువాలేసరికి ఇద్దరికీ తలనొప్పి. నీ చదువు గోలకే నా తల పగులుతోందని తల్లి విసుక్కునేది. చదువంటే ఇంతేనని కూతురు సరిపెట్టుకునేది.

ఆ పిల్లను బళ్లో లెక్కల పిట్ట అంటారు. ఏ రసాయన సమీకరణం ఇచ్చినా రెండు వైపులా అంకెలు సరితూచి అందరికంటే ముందు చెయ్యెత్తుతుంది. ఆ రోజు బొగ్గు మండడం గురించి బోర్డు మీద రెండు సమీకరణాలు తూచింది. టీచర్ తలూపింది గానీ, కూర్చోమనలేదు.

"అంకెలు కుదిరాయమ్మా. ఇప్పుడు అవేం చెబుతున్నాయో మాటల్లో చెప్పు."

పిట్ట మళ్లీ ఆ అంకెలే అప్పజెప్పింది. టీచరే విడమరిచింది. మొదటిదాంట్లో ఒక కార్బన్ పరమాణువుకు ఒక ఆక్సిజన్ అణువు పూర్తిగా దక్కింది. రెండోదాంట్లో అదే అణువును రెండు కార్బన్లు పంచుకున్నాయి. గాలి చాలని చోట ఇలా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు. ముందు తలనొప్పి, ముదిరితే ప్రాణం పోతుంది.

గాలి చాలని చోటు ఏదో ఆ పిల్లకు వేరే చెప్పక్కర్లేకపోయింది. బడి వదలగానే దుకాణానికి పరుగెత్తి, తలుపూ కిటికీ బార్లా తీసింది.

"అమ్మా, ఆదివారం నీకు తలనొప్పి ఎందుకు రాదు?"

"ఆదివారం నువ్వు చదవవు గనక."

"కుంపటి రాజెయ్యవు గనక. ఒక్కరికి పెట్టిన కంచంలో ఇద్దరు తింటే ఏమవుద్ది?"

"ఇద్దరికీ అరకడుపే."

"తలుపేస్తే ఈ బొగ్గుకీ అంతేనమ్మా. అరకొర గాలితో మండి విషం కక్కుద్ది."

తల్లి కుంపటి వైపు చూసింది, కూతురి వైపు చూసింది. పట్టకారు అందుకుంది. ఇద్దరూ కలిసి కుంపటిని పెరట్లో చూరు కిందికి చేర్చారు. మడతపెట్టిన బట్టల మీద పాత దుప్పటి కప్పారు. దుమ్ము దుప్పటి మీద పడింది, చొక్కాలు శుభ్రంగానే ఉన్నాయి. ఆ వారంలోనే ఇద్దరి తలనొప్పీ పోయింది.

పిల్లలకు చదువు చెప్పించే పెద్దలు ఒక్కటి గుర్తుంచుకోవాలి. రెండు వైపులా అంకెలు కుదిర్చితే మార్కులొస్తాయి. వాటి అర్థం తెలిస్తేనే ఆ చదువు ఇంటికి అక్కరకొస్తుంది.

ఇప్పుడు ఆ దుకాణంలో సాయంత్రం పూట కూతురు గొంతు తగ్గించి చదివితే తల్లి ఊరుకోదు.

"గట్టిగా చదవవే, నాక్కూడా వినపడాలి."