దర్జీ కొలిచిన వంద మీటర్లు

దర్జీకి కోపం ముక్కు మీదుంటుంది, కూతురంటే మాత్రం పంచప్రాణాలు. పదకొండేళ్ల ఆ పిల్ల పరుగు చూశాక ఆయన కాళ్లు నేల మీద ఆనలేదు. కొట్టు ముందు వీధిని తన టేపుతోనే వంద మీటర్లు కొలిచి, రెండు చివరలా సుద్దగీత గీశాడు. పిల్ల పదమూడు పాయింట్ ఎనిమిది సెకన్లలో దాటేసింది. స్టేడియంలో ఉన్న పేరుమోసిన అకాడమీ చేర్చుకోవడానికి అడిగేది పద్నాలుగే!

పిల్లకేమో పార్కులో ఆటలు నేర్పే మాస్టారి బ్యాచ్ మీద మనసు. అక్కడ పరుగు, గెంతులు, బంతి విసరడం అన్నీ ఆడిస్తారు, స్టాప్‌వాచ్ ఊసే ఎత్తరు. మాస్టారు ఆమె కోసం ఒక చోటు ఆపి ఉంచారు కూడా.

"అక్కడ నా ఫ్రెండ్సున్నారు నాన్నా."

"ఫ్రెండ్స్ కోసమైతే బడుంది కదే. నీ కాళ్ల విలువ నీకేం తెలుసు?"

ఇలాంటి తండ్రులకి అడగడం రాదు, తేల్చేయడమే వచ్చు. కొట్టుకొచ్చిన మాస్టారికి "మా అమ్మాయి రాదండీ" అని మొహం మీదే చెప్పేశాడు. సాయంత్రానికల్లా ఆ చోటు ఇంకెవరికో వెళ్లిపోయింది.

అకాడమీ పరీక్షలో పిల్లకి పద్నాలుగు పాయింట్ తొమ్మిది సెకన్లు పట్టింది. కోచ్ కాగితం మీద పేరు కొట్టేసి తర్వాతి పిల్లని పిలిచాడు. ఇంటికొచ్చే దారంతా ఆమె తలెత్తలేదు.

"నేను భయపడ్డాను నాన్నా. కాళ్లు వణికాయి. సారీ."

మర్నాడు ఎవరిదో నడుము కొలిచి రాసుకోబోతూ దర్జీ బొమ్మలా నిలబడిపోయాడు. ఎప్పుడో ఇస్త్రీపెట్టె కింద కాలిన టేపు మొదటి కొసని పది సెంటీమీటర్ల మేర తనే కోసేశాడు. అప్పట్నుంచి ఏది కొలిచినా పది తీసేసి రాసుకోవడం అలవాటైపోయింది. వీధిలో మాత్రం టేపు పరిచిన ప్రతిసారీ ఆ పది తీసేయకుండా నూటయాభై సెంటీమీటర్లని లెక్కేశాడు. వంద మీటర్లలో ఆరు మీటర్లకి పైగా మింగేశాడు!

నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ తప్పు తనదనుకుని పిల్ల కుమిలిపోతుంటే ఆయన ఓర్చుకోలేకపోయాడు. బడి నుంచి రాగానే అంతా చెప్పేశాడు.

"అంటే నేనెప్పుడూ అంత ఫాస్ట్‌గా పరిగెత్తలేదా?"

"తప్పు నాదమ్మా. నువ్వేం భయపడలేదు. మాస్టారి కాళ్లు పట్టుకునైనా నిన్ను పార్కులో చేర్పిస్తా."

"వద్దు నాన్నా."

సంచి దించుతూ అంది, "భయపడ్డాననే అనుకోనివ్వాల్సింది. భయం పోయాక వచ్చే ఏడు మళ్లీ వెళ్దామనుకున్నా."

పిల్ల సంచి తీసుకుని లోపలికెళ్లి హోంవర్క్ రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆ ఇంట్లో పరుగు మాట ఎవరూ ఎత్తలేదు.