అక్కగారి చాప

రేవులో చివరి చామదుంపల బస్తా దించి, కెపు చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో, మోచేతుల దాకా. వెళ్ళేది ఫోను పట్టుకునే పనికి మరి.

టోంగాలోని ఆ చిన్న దీవిలో పెళ్ళయినా చావైనా, దూరాన ఉన్న చుట్టాలకు కనబడేలా ఫోను ఎత్తి పట్టేది కెపే. బస్తాలు మోసిన చేతులు, ఎంతసేపైనా వణకవు. దీవి దాటి ఎరగడు గాని, ఆక్లాండులో ఎవరి వంటింట్లో ఏ గిన్నె ఎక్కడుంటుందో చెప్పగలడు. సముద్రం అడుగున అగ్నిపర్వతం పేలి ఇంటర్నెట్ తీగ తెగాక ఆ వంటిళ్ళన్నీ ఒక్కసారే తలుపులు మూసుకున్నాయి. మణికట్టంత లావు లేని తీగలోంచే ఇంతమంది ఏడ్చారు, పాడారు, పులుసులో ఉప్పు చాల్లేదని పోట్లాడుకున్నారు. తలచుకుంటే కెపుకు ఇప్పటికీ నోరు తెరుచుకుంటుంది.

మంచం పట్టిన ముసలి మాఫు ఇంటి గుమ్మంలో ఆయన కూతురు సెయిని ఎదురైంది.

"తీగ తెగిందిగా బాబాయ్, ఇంకా దేనికొస్తున్నావ్? టీ కోసమా?"

"నీ టీ కోసం ఎవరొస్తారే! మీ నాన్న రమ్మన్నాడు."

ఆక్లాండులోని మాఫు అక్క వికా రోజూ సాయంత్రం ఫోనులో ప్రార్థన గీతం పాడేది. మాఫు గొంతు కలిపేవాడు. అక్క ముఖం చూడకుండా పోనని ఇప్పుడాయన పంతం. రోగానికి ఆ పంతం సంగతి తెలియదు.

"ఎత్తరా కెపూ," అన్నాడు మాఫు మంచం మీంచి.

"సిగ్నల్ లేదు పెద్దాయనా. నల్లగా ఉంది."

"చావబోతున్నాను గాని గుడ్డోణ్ణి కాదు. ఎత్తు."

ఎత్తాడు. మాఫు ఆ నల్లటి అద్దంలోకి చాలాసేపు చూశాడు. బోసినోరు విచ్చుకుంది.

"వచ్చింది చూడరా, అక్క."

కెపు వంగి, ఆయన చెంప పక్కన చెంప ఆనించి చూశాడు. అద్దంలో ఉన్నది ఆయన ముఖమే, కాని వికాదీ అదే వెడల్పు ముక్కు. కాస్త పైకి లేచిన అదే ఎడమ కనుబొమ. రోగం ఆయన సొంతమైనదంతా చెక్కేసి, అమ్మ ఇద్దరికీ ఇచ్చినదాన్ని మాత్రం మిగిల్చింది. ఇన్నేళ్ళూ కెపు ఫోను పట్టుకున్నాడు గాని, ఆరిపోయిన ఫోనులోకి ఎన్నడూ చూడలేదు.

మాఫు పాడాడు. తన వంతు మాత్రమే. అక్క వంతు వచ్చినచోట ఆగి, ఆమె ముగించేంతసేపు వేచి, మళ్ళీ అందుకున్నాడు. టీ తెచ్చిన సెయిని గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ ఖాళీల్లో సముద్రం వినబడింది. ఒక ఖాళీ తర్వాత ఆయన అందుకోలేదు. కెపు చేయి దించలేదు.

తెల్లారి ఆడవాళ్ళు, చావింటికి వెళ్ళే దీవి ఆచారం ప్రకారం, నల్లబట్టల మీద నడుముకు చాపలు చుట్టుకుని వచ్చారు. శవం తలవైపు మేలిరకం చాప పరిచారు. తమ్ముడి చావులో అక్కదే పెద్దరికం. అది అక్కగారి చోటు, మరొకరు కూర్చోరాదు.

"ఖాళీగా ఉంచేద్దామా బాబాయ్?" అంది సెయిని.

కెపు ఫోనును రెండు చేతులా తెచ్చి చాప నడుమ పెట్టాడు.

"చార్జింగైనా ఉందా దాన్లో?" అని గొణిగింది ఒకావిడ.

అన్నదే గాని, అటు దాటేటప్పుడు అందరికంటే కిందికి వంగింది ఆవిడే. ఎవరూ అటు కాళ్ళు చాపలేదు. చాప నడుమ ఆ నల్లటి అద్దం, వచ్చిన ముఖాన్నల్లా ఒక్క క్షణం ఉంచుకుని, మెల్లగా వదిలేస్తూ ఉంది.