ఏడో బస్తా

సాఫ్ట్ వేరు, మా బాపిరాజు గారు వేరు. ఈ ముక్క కంపెనీలో చేరిన మూడో రోజునే నోరు జారి అన్నాను. నాలుగో రోజుకల్లా నా కుర్చీ బాత్రూం పక్కకి మారింది.

ఏలూరు పవర్‌పేటలో, పగలంతా పవర్ వచ్చీపోయే వీధిలో, బట్టల కొట్టు పైన మా ఆఫీసు. అమెరికా డాక్టర్లు రోగుల గురించి టేపుల్లో గొణిగినదంతా విని, ఇంగ్లీషులో టైపు కొట్టి పంపడం మా పని. నలభై ఒక్క మందిమి. నలభై మంది ఇరవైల్లో ఉన్నవాళ్లు, నేనొక్కణ్ణే నలభై తొమ్మిది. ట్యుటోరియల్ కాలేజీ మూతపడి ఇంగ్లీషు మాస్టారి పని పోయాక ఇక్కడ క్వాలిటీ మేనేజర్నయ్యాను. రోగి కోమాలో ఉంటే కామా ఎక్కడుందో చూసేవాణ్ణన్నమాట.

కొల్లేట్లో సర్కారు వాళ్లు చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది బాపిరాజు గారి చేపల చెరువులన్నీ పోయి ఒక్కటే మిగిలింది. చేతిలో ఉన్నదంతా పెట్టి కంప్యూటర్లు కొన్నారు. కంపెనీ కల్చర్, కంపెనీ కల్చర్ అంటారు చూడండి, ఆయనకి తెలిసిన కల్చర్ ఫిష్ కల్చర్ ఒక్కటే. వేళకి మేత, వేళకి లెక్క, గట్టు దాటకూడదు. గంటకోసారి అందరం లేచి ఎన్ని లైన్లు కొట్టామో గట్టిగా చెప్పాలి. తక్కువ చెప్పినవాళ్లు తర్వాతి గంటంతా నిలబడే కొట్టాలి. బాత్రూంకి రెండోసారి వెళ్తే బోర్డు మీద పేరు. హెచ్చార్ నుంచి కాగితం వచ్చిందంటే హెచ్చరికే. చేరేటప్పుడే ఇన్నాళ్లు మానేయమని బాండు రాయించుకుని, ఒరిజినల్ సర్టిఫికెట్లు పుచ్చుకునేవారు. అన్నిటికంటే పెద్ద రూలు, ఎవరూ ఏదీ అడక్కూడదు.

ఇంతా చేసి ఆయన ఏనాడూ గొంతు పెంచి ఎరగరు. "మీకు సిగ్గుందాండీ?" "మిమ్మల్ని ఇంట్లో ఎలా భరిస్తున్నారండీ?" ప్రతి తిట్టుకీ చివర ఓ అండీ. పుండు మీద కారం చల్లి, పైన కొత్తిమీర వేసినట్టుండేది.

ఆ సోమవారం పొద్దున నజ్నీన్ ఆయన గదిలోకి వెళ్లింది. తాడేపల్లిగూడెం నుంచి రోజూ ప్యాసింజర్లో వచ్చి పవర్‌పేట స్టేషన్లో దిగే పిల్ల. మా అందరిలోకీ చెవి చురుకు. ఏ డాక్టరు నోట్లో ఏం పెట్టుకుని గొణిగినా పట్టేస్తుంది. ఆ గదికీ నా బల్లకీ మధ్య చెక్క అడ్డం ఒక్కటే.

"సార్, నాకు గవర్నమెంటు టీచరు పోస్టు వచ్చిందండి. రేపు పదింటికి ఇక్కడే ఏలూర్లో సర్టిఫికెట్లు చూస్తారు. ఒరిజినల్స్ చూపించకపోతే లిస్టులో నా తర్వాతి వాళ్లకి ఇచ్చేస్తారండి."

"శుభమండీ. మీ బాండు ఇంకా ఎనిమిది నెలలుంది కదా?"

"ఒక్క పూట ఇప్పించండి సార్. చూపించి తెచ్చిచ్చేస్తాను."

"పోయినసారి ఒకాయన ఇలాగే ఒక్క పూటన్నారండి. ఆ పూట హైదరాబాదులో తెల్లారింది. వెళ్లి కూర్చోండి. ఈ గంట లెక్కలో మీరు వెనకబడతారు."

ఆ మాటలన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. అప్పుడు నా చేతిలో ఉన్నది చెరువు తాలూకు చీటీల పుస్తకం. క్వాలిటీ మేనేజరుకి ఆ పనేంటని అడక్కండి, అడక్కూడదని చెప్పానుగా. శ్రీపర్రు అవతల రాజు గారి మేత షెడ్డుంది. కాపలా ఏసోబుది. చీటీ లేకుండా అక్కణ్ణుంచి గడ్డిపరక కదలకూడదు. చీటీ ఉంటే మారుమాట ఉండకూడదు. రోజూ సంతకాలు పెట్టడం విసుగని రాజు గారు పుస్తకం మొత్తానికీ ఒకేసారి సంతకాలు గీకేసి నా మొహాన పడేసేవారు. ఎన్ని బస్తాలో వేసి వ్యాను డ్రైవరుకివ్వడం నా వంతు. ఆ రోజుదీ వేసి ఇచ్చేశాను.

పన్నెండు కావస్తుంటే రాజు గారు బ్యాంకు పనని భీమవరం బయల్దేరారు. కారు మలుపు తిరిగిందో లేదో నజ్నీన్ నా బల్ల దగ్గర ప్రత్యక్షం.

"మాస్టారూ, సర్టిఫికెట్లు ఎక్కడ పెట్టారో మీకు తెలుసు కదండీ?"

తెలుసు. ఆ హైదరాబాదు ఆసామి, అడిగినా ఇవ్వలేదని బీరువా తాళం తీసి తనవి పట్టుకుని పారిపోయాక, అందరివీ ఓ బస్తాలో కుక్కి షెడ్డులో దూలానికి వేలాడదీయించారు. ఎలకలకీ అందదు, ఎంప్లాయీలకీ అందదు. ఏసోబుకైతే అదేమిటో కూడా చెప్పలేదు.

"తెలిస్తే మాత్రం ఏం చేస్తామమ్మా?"

"చీటీ రాస్తాం. ఒక బస్తా ఇవ్వవలెనని. సంతకం ఉండనే ఉందిగా!"

"నా ఉద్యోగం పోతుంది."

"ఇది పోతుందని కూడా భయపడతారా మాస్టారూ?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

గంట కొట్టారు. అందరూ లేచి లెక్కలు చెబుతున్నారు. "నూట పది!" "తొంభై ఎనిమిది!" నేను లేచాను. లేచినవాణ్ణి మళ్లీ కూర్చోలేకపోయాను. కాళ్లే మెట్ల వైపు నడిచాయి.

నజ్నీన్ వెనకే వచ్చింది, ఇద్దరం శ్రీపర్రుకి ఆటో ఎక్కాం. ఆవిడ చున్నీ కొస మెలిపెడుతోంది, నేను చీటీల పుస్తకం మెలిపెడుతున్నాను. షెడ్డు ముందు ఏసోబు వల బాగుచేసుకుంటున్నాడు. ఒక బస్తా అని రాసి చీటీ ఇచ్చాను. సంతకం చూశాడు, అంకె చూశాడు. అంతకు మించి చదవడం రాదు.

"బస్తాల్లేవండి. లోడు రేపొస్తాదండి."

"మేత కాదయ్యా. దూలానికి వేలాడేది."

"అదా అండి! పొద్దున్నే చెరువులో కట్టేశానండి."

నజ్నీన్ నా మొహం చూసింది. నేను దూలం చూశాను. తాడు ముక్క మాత్రం ఉంది.

"ఎందుకు కట్టావయ్యా?"

"షెడ్డులో ఆరే ఉన్నాయండి. పొద్దుటి చీటీలో ఏడన్నారు. ఏడోది ఎక్కణ్ణించి తేనండి?" అంటూ రొంటి నుంచి ఆ చీటీ తీసి చూపించాడు. నా దస్తూరీయే. రోజూ వేసే ఆరుకి బదులు, గుండ్రటి ఏడు. అడ్డం అవతల నజ్నీన్ మాటలు వింటూ వేసిన ఏడు.

"ఓ మాట ఫోను చేసి అడగొచ్చుగా ఏసోబూ!"

"పోయినేడు ఓసారి అడిగానండి. అడిగినందుకు పది రోజులు పనిలోకి రావద్దన్నారండి. చిల్లులు పొడిచినప్పుడు తవుడు రాలలేదేంటబ్బా అనుకున్నానండి. అడగలేదండి."

ఇక్కడ చేపలకి మేత చల్లరు. బస్తాకి చిల్లులు పొడిచి, చెరువులో పాతిన గెడలకి కట్టి నీళ్లలో వదులుతారు. చేపలే వచ్చి పొడుచుకు తింటాయి. అంటే రెండు గంటలుగా నలభై ఒక్క మంది చదువు చేపల నోటికి వేలాడుతోంది!

నేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. నజ్నీన్ అప్పటికే చెప్పులు విడిచి దోనె ఎక్కేసింది. "పదండి ఏసోబు గారూ!" ఏసోబు గెడ వేశాడు. దోనె ఒరుగుతోంది, ఆవిడకి ఈత రాదు, నాకు చూడబుద్ధి కాదు, చూడకుండానూ ఉండలేను. ఏడో గెడ దగ్గర ఇద్దరూ కలిసి బస్తా పైకి లాగారు. దోనెలో సగం నీళ్లు నిండాయి.

గట్టు మీద విప్పాం. ప్లాస్టిక్ ఫోల్డర్లలో ఉన్నవి అంచులు మాత్రం నానాయి. లేనివి అప్పడాల్లా ఉబ్బాయి. అచ్చు చెదరలేదు, యూనివర్సిటీ ముద్ర ముద్రలాగే ఉంది. నజ్నీన్ తనవి వెతికి తీసి, ఒక్కొక్కటీ ఎండకేసి పట్టుకుని పైకి చదివింది. టెన్త్, ఇంటర్, డిగ్రీ, బీయెడ్. నాలుగూ దొరికాక గట్టు మీద కూలబడి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. మిగతావాళ్లవి కూడా గడ్డి మీద పరిచి, ఎగిరిపోకుండా మట్టిబెడ్డలు పెడుతున్నాం. అంతలో కారు చప్పుడు. రెండు సీట్లు ఖాళీ అని హెచ్చార్ ఫోను చేసినట్టుంది. ఎక్కడికి వెళ్లుంటామో ఊహించి రాజు గారు సగం దారిలోనే వెనక్కి తిరిగారు.

దిగారు. గట్టు పొడుగునా చూశారు.

"ఏంటండీ ఇది, ఎగ్జిబిషనా?"

నజ్నీన్ ఇంకో కాగితం మీద మట్టిబెడ్డ పెట్టింది.

"చీటీ లేకుండా సరుకు ఎలా కదిలింది ఏసోబూ?"

"చీటీ ఉందండి. మీ సంతకమేనండి."

రాజు గారు చీటీ చూశారు, నన్ను చూశారు, చీటీ మళ్లీ చూశారు. అదేం పట్టనట్టు నజ్నీన్ కాగితాలు చున్నీలో చుట్టుకుని లేచింది.

"నావి తీసుకెళ్తున్నానండి."

"బాండు ఉందండీ మీది. కోర్టుకెళ్తాను."

ఆవిడ బస్తా అడుగున మిగిలిన కట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. స్టాంపు కాగితాలు. దస్తూరీ బాగుంటుందని అందరి బాండ్లూ నా చేతే ఇంకు పెన్నుతో రాయించారు. ఇప్పుడు వాటి మీద పేరూ లేదు, గడువూ లేదు. నీలం చారలు రాజు గారి వేళ్ల సందుల్లోంచి తెల్ల చొక్కా మీదికి కారాయి.

"ఏది చూపిస్తారండి కోర్టుకి?" అని, మళ్లీ తనే, "వస్తానండి" అంది. అప్పుడు కూడా అండీ మానలేదు. ఆటో వైపు నడిచింది.

రాజు గారు రుమాలు తీసి చొక్కా తుడిచారు, చార ఇంకా పెద్దదైంది. తర్వాత నా వైపు తిరిగి, "రామనాథం గారూ, మిగతావన్నీ బస్తాలో వేయించండి. మళ్లీ దూలానికి కట్టించండి" అన్నారు.

"లోపలికి పెట్టాలన్నా చీటీ కావాలండి" అన్నాడు ఏసోబు. వెటకారం కాదు, రూలు చెప్పాడు.

"రాయండి రామనాథం గారూ."

పుస్తకం నా జేబులో ఉంది. పెన్నూ ఉంది. చెయ్యి జేబు దాకా వెళ్లింది కూడా.

"నేను రాయనండి" అన్నాను.

"ఏంటండీ?"

"రాయనండి. కావాలంటే మీరే రాసుకోండి. సంతకాలు ముందే ఉన్నాయి."

పుస్తకం ఆయన కారు బానెట్ మీద పెట్టాను.  వంగి గడ్డి మీది కాగితాలన్నీ ఏరాను. నాదీ ఒకటుంది, డెబ్బై తొమ్మిది నాటి బి.ఏ. ఏసోబు కూడా వంగి ఏరడం మొదలెట్టాడు. రాజు గారు ఆపమనలేదు. బానెట్ మీది పుస్తకం తిరగేస్తున్నారు, అన్నిటా తన సంతకాలే.

మర్నాడు పొద్దున ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి ఎవరివి వాళ్లకి పంచాను. పన్నెండు మంది అటునుంచటే వెళ్లిపోయారు. మిగతావాళ్లు కాగితం కీబోర్డు కింద పెట్టుకుని టైపుకి కూర్చున్నారు. వాళ్లని ఏమనగలను? నేను మాత్రం లోపలికి వెళ్లలేక, పదవుతుంటే సర్టిఫికెట్లు చూసే చోటికి నడిచాను. గేటు బయట నాలుగు టీలు తాగాను.

పదకొండుంపావుకి నజ్నీన్ వచ్చింది.

"ఏమైంది?"

"అక్కడి ఆఫీసరు కాగితం వాసన చూశారు మాస్టారూ. 'నీచు కంపేంటమ్మా?' అన్నారు. కంపెనీలో పెట్టారండి అన్నాను. నవ్వేసి సంతకం చేశారు. వచ్చే నెల జాయినింగ్!" ఒక్క ఊపిరిలో చెప్పేసి, "మరి మీరో?" అంది.

నా చంకలో బి.ఏ. ఉంది. నలభై తొమ్మిదేళ్లవాడు దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆవిడ రైలుకి వెళ్లిపోయింది. నేనింకో టీ చెప్పాను.