సంతకం పక్కన నంబరు

ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకు కరెంటు పని చేస్తున్న మనిషి, తన లైసెన్సుకు గడువు తీరిపోయిందని మర్చిపోయాడంటే పోనీలే పాపం అనుకోవచ్చు. మన మేస్త్రి మర్చిపోలేదు. తెలిసే ఊరుకున్నాడు. ఊరుకున్నవాడు ఊరికే ఉన్నాడా అంటే అదీ లేదు, రోజూ సాయంత్రం మరదలి పుస్తకంలో దర్జాగా సంతకం పెట్టి, పక్కన ఆ చెల్లని నంబరే వేసేవాడు. ఇరవై రెండు నెలలు అలాగే నడిచింది.

మరదలంటే ఆయన భార్యకు స్వయానా చెల్లెలు. ఎనిమిదేళ్ళు ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో కౌంటర్ దగ్గర నిలబడి స్విచ్చులూ వైర్లూ అమ్మింది. ఏ డబ్బాలో ఏ హోల్డరుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది. ఒకరోజు అక్కాబావలతో భోజనానికి కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి అంది.

"బావా, అమ్మీ అమ్మీ విసుగొచ్చింది. ఇక బిగించడం నేర్చుకుంటా."

"నువ్వా? స్టూలెక్కి బూజు దులపాలంటేనే మీ అక్కని కేకేస్తావు."

"అప్పుడు అక్కని పిలిచా. ఇప్పుడు నిన్ను పిలుస్తున్నా."

మేస్త్రి పగలబడి నవ్వాడు. నవ్వినా కాదనలేదు. నిజానికి లోలోపల పొంగిపోయాడు కూడా. ఆయన దగ్గర పని నేర్చుకుంటానని నోరు తెరిచి అడిగినవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు.

సొంతంగా ఇళ్ళకు వైరింగు చెయ్యాలంటే ఊరికే పని వస్తే చాలదు. ఏడాదిపాటు సాయంత్రం క్లాసులకు వెళ్ళాలి, రాత పరీక్ష గట్టెక్కాలి. ఆ తర్వాత లైసెన్సున్న మేస్త్రి దగ్గర మూడేళ్ళు పని చెయ్యాలి. ఏ రోజు ఏ ఇంట్లో ఏ గదిలో ఏం చేశారో, పరీక్షిస్తే ఎంత రీడింగు వచ్చిందో పుస్తకంలో రాసి, కింద మేస్త్రి చేత సంతకం పెట్టించి, పక్కన ఆయన లైసెన్సు నంబరు వేయించుకోవాలి. అలా మూడేళ్ళు నిండితే బోర్డువాళ్ళు చేతిపని పరీక్ష పెట్టి సొంత లైసెన్సు ఇస్తారు. ఆ తర్వాత ఎవరి వెనకా సంచీ పట్టుకుని నిలబడనక్కర్లేదు. ఈ ఇంటి వైరింగు క్షేమం అని సర్టిఫికెట్టు మీద తన పేరే రాసుకోవచ్చు. మరదలికి కావలసింది అదొక్కటే.

రాత పరీక్ష మంచి మార్కులతో దాటింది. మేస్త్రి వెంట నిచ్చెనలెక్కింది, అటకల మీద పాకింది, గోడలు తవ్వి జుట్టంతా సున్నం చేసుకుంది. మొదటి రోజే మేస్త్రి ఆమె చేతిలో టెస్టర్ పెట్టి పాఠం చెప్పాడు.

"మెయిన్ ఆపాక వెంటనే వైరు ముట్టుకోకు. ముందు కరెంటున్న చోట టెస్టర్ పెట్టు. అది పని చేస్తోందని తేలాక మన వైరు మీద పెట్టు. ఆ తర్వాత మళ్ళీ కరెంటున్న చోటికి వెళ్ళి ఇంకోసారి చూడు. మధ్యలో టెస్టర్ పాడైపోయిందనుకో, వైరులో కరెంటు లేదని నమ్మి చెయ్యి పెడతావు. అంతే సంగతులు."

మూడేళ్ళలో ఏ ఒక్కరోజూ ఆమె దాన్ని తప్పలేదు. పాఠం చెప్పిన పెద్దమనిషి మాత్రం టెస్టర్ తియ్యడానికి బద్ధకించి, వేలు వెనక్కి తిప్పి వైరుకు తాకించి చూసేవాడు. "బావా!" అని ఆమె అరిస్తే, "నా వేళ్ళకి తెలుస్తుందిలేవే" అనేవాడు.

ఆమె చేరిన పద్నాలుగో నెలలో బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. లైసెన్సు అయిదేళ్ళ గడువు ముగుస్తోంది, రెండు రోజుల క్లాసుకు హాజరైతే మళ్ళీ ఇస్తాం అని. వెళ్ళి కూర్చుంటే అయిపోయే పని. కానీ ఆ క్లాసు చెప్పేది ఎవరయ్యా అంటే పొడుగాయన. ఒకప్పుడు మేస్త్రి దగ్గరే పని నేర్చుకుని, తిట్లు తిని, పరీక్షల మీద పరీక్షలు రాసి బోర్డులో పాఠాలు చెప్పే స్థాయికి వెళ్ళినవాడు. నా సంచీ మోసినవాడి ముందు నేను బెంచీ మీద కూర్చోవాలా అని మేస్త్రికి మంట పుట్టింది. ఉత్తరాన్ని కవరుతో సహా మడిచి డ్రిల్లు పెట్టెలో, బిట్ల కింద దోపాడు. వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాడు. తర్వాత రెండో ఉత్తరం వచ్చింది. దాన్నీ దాని పక్కనే పడుకోబెట్టాడు.

పొగరు ఒక్కటే అయితే ఎప్పుడో ఒకప్పుడు దిగేదేమో. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆయన తనకు తాను కూడా ఒప్పుకోలేదు. మోకాళ్ళు అరిగాయి. చూపు ఆనడం లేదు. అటక మీద పని ఇప్పుడు మరదలే చేస్తోంది. ఆమెకు సొంత లైసెన్సు వచ్చిన మర్నాటి నుంచి తను ఒంటరివాడు. పుస్తకం ఎంత మెల్లగా నిండితే అంత మంచిదని మనసులో ఏ మూలో ఉంది. అందుకే చెల్లని సంతకమని తెలిసీ రోజూ పెడుతూ పోయాడు.

మూడేళ్ళూ నిండాయి. అప్పటికే మరదలికి మొదటి పని కూడా కుదిరింది. పాత షాపు యజమాని కూతురు రెండంతస్తుల ఇల్లు కడుతోంది. "మొదటి వైరు నుంచి చివరి బల్బుదాకా నువ్వే చెయ్యాలక్కా" అంది. మరదలు గళ్ళ కాగితాల మీద గదిగదికీ బొమ్మ గీసింది. మంచం పక్కన స్విచ్చు ఎంత ఎత్తులో ఉంటే పడుకున్నవాళ్ళకు చెయ్యి అందుతుందో నేలమీద పడుకుని మరీ కొలిచింది. తన పేరుతో రబ్బరు స్టాంపు చేయించింది. పేరు కింద లైసెన్సు నంబరుకు ఖాళీ వదిలింది.

పుస్తకం ఇవ్వడానికి బోర్డు ఆఫీసుకు బావను కూడా రమ్మంది. తలనొప్పిగా ఉంది నువ్వెళ్ళు అందామనుకున్నాడు మేస్త్రి. ఎవరూ అంత పట్టించుకోరులే అని తనకు తానే ధైర్యం చెప్పుకుని చివరికి బయల్దేరాడు.

కౌంటర్లో ఉన్నావిడ పట్టించుకుంది. నంబరు కంప్యూటర్లో కొట్టి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ కొట్టింది.

"ఈ నంబరుకు గడువు తీరి ఇరవై రెండు నెలలైందండీ. మొదటి పద్నాలుగు నెలల పనే లెక్కలోకి వస్తుంది. మిగతాది కుదరదు."

మరదలు నవ్వింది. "సరిగ్గా చూడండి మేడమ్. మా బావది ముప్పై ఏళ్ళ లైసెన్సు."

ఆవిడ తెరను ఇటు తిప్పి చూపించింది. మరదలు చదివింది. నవ్వు ఆగిపోయింది.

"మేం రెండు ఉత్తరాలు పంపాం" అంది ఆవిడ మేస్త్రి వైపు తిరిగి. "అందాయా మీకు? అందాక కూడా సంతకాలు పెట్టుంటే అది వేరే కేసు. లైసెన్సు శాశ్వతంగా రద్దవుతుంది."

మేస్త్రి కౌంటర్ మీద ఉన్న పుస్తకం వైపు చూశాడు. మరదలు ఆయన మొహం చూసింది. చాలాసేపు కాదు, ఒక్క క్షణమే.

"అందలేదండీ" అంది ఆవిడతో. "మధ్యలో ఇల్లు మారారు వీళ్ళు. మా బావ పనిలో పడితే తేదీలు గుర్తుండవు."

ఇల్లు మారిన మాట అబద్ధం. ఇరవై ఏళ్ళుగా అదే ఇల్లు. మేస్త్రి నోరు విప్పి ఆ మాట అనలేదు. ఉత్తరాలు నిజంగానే అందలేదని నమ్మి, తనను గట్టెక్కించడానికి ఆమె ఆ మాట కల్పించిందేమో అనుకోవడం తేలికగా ఉండి, అదే నమ్మాడు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చుని మరదలు పుస్తకంలో పేజీలు తిప్పింది. ప్రతి పేజీ కిందా ఆయన సంతకం.

"నేను రేపే ఆ క్లాసుకు వెళ్తానే. లైసెన్సు రాగానే మళ్ళీ నా దగ్గరే..."

"వద్దులే బావా. పొడుగాయన్ని అడుగుతా."

కోపంగా అని ఉంటే మేస్త్రి ఏదో ఒకటి అందుకునేవాడే. ఆమె మామూలుగానే అంది. ఆ రెండంతస్తుల ఇల్లు ఇరవై రెండు నెలలు ఆగదు కదా, వేరేవాళ్ళు చేశారు. మేస్త్రి ఒకసారి అటు వెళ్తూ లోపలికి తొంగిచూశాడు. మంచం పక్కన స్విచ్చు మనిషి నిలబడితే గాని అందని ఎత్తులో పెట్టారు. గడపలోనే కాసేపు నిలబడిపోయాడు. ఈ ఇంటి మీద ఉండాల్సిన పేరు తనే చెరిపేశాడని ఏడుపొచ్చింది.

క్లాసుకు వెళ్ళాడు. పొడుగాయన పాపం "గురువుగారూ" అంటూ ఎదురొచ్చి ముందు వరసలో కుర్చీ వేయించాడు. చేతిపని చూపించమన్నప్పుడు మేస్త్రి అలవాటు కొద్దీ వేలు వెనక్కి తిప్పి వైరు దగ్గరికి పోనిచ్చాడు. పొడుగాయన చిన్నగా దగ్గాడు. మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకుని టెస్టర్ అందుకున్నాడు. అంతకు మించి ఏ అవమానమూ జరగలేదు. రెండు రోజులు కూర్చుంటే కొత్త లైసెన్సు చేతికొచ్చింది. దీనికోసమా ఇంత చేశానని ఇంటికొస్తూ దారంతా తనను తానే తిట్టుకున్నాడు.

నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మరదలు అక్కను చూడటానికి వచ్చింది. సంచీ బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. సంచీలోంచి కొత్త పుస్తకం అంచు కనబడుతోంది. మేస్త్రి ఉండబట్టలేక తీశాడు. అట్ట లోపలివైపు పొడుగాయన లైసెన్సు నకలు అంటించి ఉంది. గడువు తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రంగా సున్నా చుట్టి ఉంది.

మేస్త్రి అలా చూస్తూ ఉండగానే మరదలు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. పుస్తకం దాచే వీలు లేకపోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేననిపించింది.

"ఆ ఉత్తరాలు నాకు అందాయే" అన్నాడు. "రెండూ అందాయి."

"తెలుసు బావా. డ్రిల్లు పెట్టె రోజూ తీసేది నేనేగా. బిట్ల కింద బోర్డు కవర్లు కనబడుతూనే ఉండేవి. నీ ఉత్తరాలు నేనెందుకు చదవాలని ముట్టుకోలేదు. ఆ రోజు కౌంటర్ దగ్గర అర్థమైంది అవేంటో."

మేస్త్రి పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు.

"మరి అందలేదని ఎందుకు చెప్పావు?"

మరదలు వంటింటి వైపు చూసింది. లోపల అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నీ లైసెన్సు పోతే అక్క ఎందుకని అడుగుతుంది. నిజం చెప్పాలి. చెప్పాక నేనీ ఇంటికి ఎలా రాను?"

ఆమె పుస్తకం తీసుకుని సంచీలో పెట్టుకుంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"కొత్తది వచ్చిందటగా. ఏదీ, చూపించు."

మేస్త్రి చొక్కా జేబులోంచి కార్డు తీసిచ్చాడు. మూడేళ్ళు పక్కన పనిచేసినా ఆమె ఎన్నడూ దాన్ని అడగలేదు. ఇప్పుడు కిటికీ దగ్గరికి వెళ్ళి, వెలుతురులో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, తేదీ చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది.

"సరిగ్గానే ఉంది బావా" అని కార్డు ఆయన చేతిలో పెట్టింది.