ఎడమ అంచు పైకి రావాలి

లండన్‌లో ఆ నాటకశాల గడప తొక్కిన రోజు నుంచీ, జపాను నుంచి వచ్చిన ఒతోసేకి ఒకటే గొడవ. జపాను కథ అని చెప్పుకుంటూ ఆడబోయే పాటల నాటకంలో ఇరవై మంది అమ్మాయిలకు నడకా, విసనకర్ర పట్టడమూ, కిమోనో కట్టడమూ నేర్పమని ఆమెను కుదుర్చుకున్నారు. నడక వచ్చింది. ఈగలు తోలుతున్నట్టే ఉన్నా, విసనకర్రా వచ్చింది. కట్టు మాత్రం రాదు; ఛాతీ మీద ఒకదానిపై ఒకటి వచ్చే రెండు అంచుల్లో ఏది పైన ఉండాలో పట్టుబడదు. ఎడమ అంచు పైకి రావాలర్రా అని మూడు వారాలుగా గొంతు చించుకుంటోంది. పుట్టినప్పటి నుంచీ కుడివైపు పైకి వేసి బొత్తాలు పెట్టుకున్న చేతులాయె, చెబితే వింటాయా!

ఒతోసే దేశంలో కుడి అంచు పైకి కట్టేది శవానికే. గొడుగులు చేసి చూపడానికి ఆమెతో పాటు ఇక్కడి జపాను వస్తువుల ప్రదర్శనకు వచ్చిన భర్త జనవరిలో జ్వరంతో పోతే, అలా కట్టింది ఆమే. రేపు తెర లేచాక శవాలు నవ్వుతూ గంతులేస్తుంటే చూడటం ఆమె వల్ల కాదు.

ఆఖరి రిహార్సల్‌కి అమ్మాయిలందరి చేతా ఎలాగో సరిగ్గా కట్టించింది. అప్పుడు వచ్చింది కథానాయిక మిస్ పెల్, కుడి అంచు పైకి వేసుకుని, దాని మీద రాళ్ళ బ్రూచి పిన్ను పెట్టుకుని.

"అమ్మా, తప్పు కట్టారు."

"మళ్ళీ మొదలెట్టావా తల్లీ! బ్రూచి ఇటే బాగుంటుంది."

"పోనీవమ్మా," అన్నాడు దర్శకుడు క్రాబ్‌ట్రీ. "చూసేవాళ్ళకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదండీ!"

"నువ్వేమైనా టికెట్టు కొన్నావా ఏంటి?"

అందరూ గొల్లుమన్నారు. ఒతోసేకి ఒళ్ళు మండిపోయింది. విసవిసా వేదికెక్కి మిస్ పెల్ నడికట్టు లాగేసింది.

"ఏయ్! పిచ్చి పట్టిందా నీకు?"

"మా ఆయన్ని పెట్టెలో పెట్టేముందు ఇలాగే కట్టాను. రోజూ మిమ్మల్నిలా చూస్తూ కూర్చోమంటారా?"

నవ్వులు ఆగిపోయాయి. క్రాబ్‌ట్రీ చేతిలోని కాగితాల్లోకి తల దించుకున్నాడు. మిస్ పెల్ బ్రూచి తీసేసి, చేతులు పైకెత్తి నిలబడింది. ఒతోసే ఎడమ అంచు పైకి తెచ్చి సర్దుతుంటే మెల్లగా అడిగింది.

"ఆయన పేరేంటి?"

ఇన్ని నెలల్లో ఈ ఊళ్ళో ఎవరూ అడగని మాట అది.

"గెంపాచి."

"గంపచ్చి. సరిగ్గా అన్నానా?"

సరిగ్గా అనలేదు. మూడు వారాలుగా వీళ్ళ ప్రతి తప్పూ దిద్దిన ఒతోసే ఈ ఒక్కటి మాత్రం దిద్దలేకపోయింది. కళ్ళు మసకబారుతుంటే తడుముకుంటూ నడికట్టు బిగించింది.